సొమ్మొకడిది, సోకొకడిది: అమెరికా పే ఫోన్లలో దూరపు కాల్ ఎందుకంత తలనొప్పి

1990 ప్రాంతంలో అమెరికాలో ఏ విమానాశ్రయంలోనో, హైవే పక్క పెట్రోలు బంకులోనో ఆగి, పే ఫోన్ నుంచి, ఖర్చు ఇంటి ఫోన్ బిల్లులో పడే కాలింగ్ కార్డుతో, వేరే రాష్ట్రంలో ఉన్న ఇంటికి కాల్ చేసినవాళ్లకు అసలు సంగతి నెల తర్వాత తెలిసేది. ఫోన్ బిల్లులో ఎన్నడూ పేరు వినని కంపెనీ పద్దు ఒకటి కనిపించేది. నాలుగు ముక్కలు మాట్లాడినందుకు, అదే కాల్ ఇంటి ఫోన్ నుంచి చేస్తే అయ్యేదానికి ఎన్నో రెట్లు. ఎవరు వీళ్లు, వీళ్ల దగ్గర నేనెప్పుడు ఫోన్ వాడుకున్నాను అని జుట్టు పీక్కోవడమే మిగిలేది.

దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, పెద్ద తప్పు కూడా కాదు. కానీ అంతటితో వదిలేస్తే ఒక ప్రశ్న తేలకుండా ఉండిపోతుంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంటి ఫోన్ల నుంచి చేసే దూరపు కాల్స్ ధరలు పడిపోతున్నాయి. ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యం పోయింది, ఎమ్‌సీఐ, స్ప్రింట్ అనే పోటీ కంపెనీలు రంగంలోకి దిగాయి, ఒకరి కస్టమర్లను ఒకరు లాక్కుంటున్నారు. పోటీ వల్ల ఇంట్లో కాల్ చవకైంది. అదే పోటీ వల్ల వీధిలో కాల్ ఖరీదైంది. ఒకే మందు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు పనిచేసిందో తెలియాలంటే ముందు యంత్రం సంగతి, తర్వాత ఆ యంత్రం వెనక చేరిన మనుషుల సంగతి చూడాలి.

నాణెం వేస్తే పనిచేసే మొదటి ఫోన్‌ను విలియం గ్రే 1889లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డ్‌లో, ఒక బ్యాంకులో పెట్టించాడు. ఊళ్లో కాల్ అయితే ఏ గొడవా లేదు, ఒక నాణెం, ఒక కాల్. దూరపు కాల్ అలా కాదు. ఎంత దూరం, రోజులో ఏ వేళ, ఎన్ని నిమిషాలు అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఆ లెక్క ఆపరేటర్‌కు తెలుసు, ఫోన్ డబ్బాకు తెలియదు. ఆపరేటరేమో ఎక్కడో ఎక్స్ఛేంజీలో కూర్చుని ఉంటుంది. మీరు ఎన్ని నాణేలు వేశారో ఆమెకు కనిపించదు కాబట్టి వినిపించే ఏర్పాటు చేశారు. పాత ఫోన్లలో మూడు నాణేలకు మూడు రంధ్రాలుండేవి. 5 సెంట్ల నాణెం పడితే గంట ఒకసారి మోగేది, 10 సెంట్లదైతే రెండుసార్లు, 25 సెంట్ల క్వార్టర్ పడితే బరువైన వేరే గంట మోగేది. ఆపరేటర్ ఆ మోతలు వింటూ మనసులో కూడుకునేది.

వేసిన నాణేలు నేరుగా అడుగు పెట్టెలోకి పోవు. మధ్యలో ఒక చిన్న తొట్టెలో ఆగుతాయి. కాల్ కలిస్తే ఎక్స్ఛేంజీ నుంచి 130 వోల్టులు ఒక దిశలో వచ్చి వాటిని పెట్టెలోకి తోస్తాయి, కలవకపోతే అదే 130 వోల్టులు ఎదురు దిశలో వచ్చి మీ చేతికి తిరిగి పంపేస్తాయి. ఎంతో తెలివైన ఏర్పాటే. కానీ దూరపు కాల్ భారం మోయడానికి ఇది కట్టలేదు. ఈ యంత్రం తీసుకునే నాణేల్లో పెద్దది క్వార్టర్. మూడు నాలుగు డాలర్ల కాల్ అంటే గుప్పెడు చిల్లర కావాలి. తిరిగి చిల్లర ఇవ్వడం యంత్రానికి రాదు. కట్టాల్సింది 1 డాలరు 85 సెంట్లయి, జేబులో ఉన్నవన్నీ క్వార్టర్లే అయితే 2 డాలర్లు సమర్పించుకోవాల్సిందే. కనీస ధర మూడు నిమిషాలకు. అరనిమిషంలో అవతలివాళ్లు పెట్టేసినా అంతే.

మూడు నిమిషాలు దాటగానే మధ్యలో గొంతు దూరేది: ఇంకా మాట్లాడాలంటే ఇంత వేయండి. మాట్లాడుతున్నది తల్లి ఆరోగ్యం గురించో, ఉద్యోగం పోయిన సంగతి గురించో అయినా సరే, రిసీవర్‌ను చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకుని జేబులు తడుముకోవాలి. మన ఎస్టీడీ బూత్‌లోలాగా మాట్లాడనిచ్చి, చివర్లో బిల్లు చూసి డబ్బు తీసుకునే మనిషి అక్కడ లేడు. బాకీ ఉండగానే పెట్టేస్తే ఫోన్ మళ్లీ మోగేది, ఎత్తితే మిగతా డబ్బు వేయమని ఆపరేటర్. నిజాయితీపరులు ఎత్తి కట్టేవారు, మిగతావాళ్లు మోగనిచ్చి నడుచుకుంటూ పోయేవారు.

1960ల్లో మూడు రంధ్రాలు పోయి ఒకే రంధ్రం ఉన్న ఫోన్లు వచ్చాయి, గంటల బదులు ఎలక్ట్రానిక్ టోన్లు. 1970ల చివరికి ఆ టోన్లను కంప్యూటరే విని, రికార్డు చేసిన గొంతుతో డబ్బు అడగడం మొదలైంది. మనిషి చెవి మోసపోతే అనుమానమైనా వస్తుంది, కంప్యూటర్‌కు అదీ లేదు. అవే టోన్లు వినిపించే చిన్న పెట్టెలు, రెడ్ బాక్సులని పిలిచేవారు, కుర్రకారు చేతుల్లోకి వచ్చాయి. కంపెనీలకు నాణేల దూరపు కాల్ మీద మోజు తగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

నాణేలు వద్దనుకుంటే వేరే దారులుండేవి. డబ్బు అవతలివాళ్లు కట్టే కలెక్ట్ కాల్, మూడో నంబరు ఖాతాలో రాయించడం, కాలింగ్ కార్డు. ఇవి కాక ఫలానా మనిషి దొరికితేనే డబ్బు పడే పర్సన్ టు పర్సన్ కాల్ ఒకటి. దీన్ని జనం బాగానే వాడుకున్నారు. క్షేమంగా చేరాం అని చెప్పాలంటే, ముందే అనుకున్న ఒక లేని మనిషి పేరు చెప్పి ఆపరేటర్‌తో అడిగించేవారు. ఇంట్లోవాళ్లు ఆయన లేరని చెప్పేవారు. కబురు చేరింది, కానీ ఖర్చు లేదు. ఆపరేటర్లకు ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వమే.

ఇంతవరకూ ఉన్నవి యంత్రం తెచ్చిన ఇబ్బందులు. విసుగు పుట్టిస్తాయి గానీ మోసం లేదు. ధర ఎంతో ముందే చెప్పేవారు, కంపెనీ ఒక్కటే, రేటు ప్రభుత్వ అనుమతితో పెట్టినదే. అసలు చిక్కుముడి 1984 తర్వాత పడింది.

అమెరికా న్యాయశాఖ 1974లో ఏటీ అండ్ టీ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. 1982లో రాజీ కుదిరింది. జడ్జి హెరాల్డ్ గ్రీన్ పర్యవేక్షణలో 1984 జనవరి 1న కంపెనీ ముక్కలైంది. స్థానిక ఫోన్లు ఏడు ప్రాంతీయ కంపెనీలకు పోయాయి, దూరపు కాల్స్ ఏటీ అండ్ టీకి మిగిలాయి, వాటిలో పోటీకి ఇతరులకూ తలుపు తెరిచారు. దేశాన్ని నూట అరవై చిల్లర మండలాలుగా గీసి, మండలం లోపలి కాల్ స్థానిక కంపెనీది, గీత దాటితే దూరపు కంపెనీది అన్నారు. అదే ఏడాది టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ప్రైవేటు వ్యక్తులు కూడా సొంతంగా పే ఫోన్లు పెట్టుకోవచ్చని అనుమతించింది.

ఇంటి ఫోన్‌కు దూరపు కంపెనీని ఎవరు ఎంచుకోవాలి? ఆ ఇంటివాళ్లు. బిల్లు కట్టేదీ వాళ్లే కాబట్టి చవకైనదాన్ని ఎంచుకున్నారు, ధర తగ్గింది. మరి పే ఫోన్‌కు? దాన్ని వాడేవాళ్లు గంటగంటకూ మారుతుంటారు. ఎవరో ఒకరు ముందుగా ఎంచి పెట్టాలి. ప్రైవేటు ఫోన్లకు ఆ ఫోన్ యజమాని ఎంచుకున్నాడు. స్థానిక కంపెనీల పే ఫోన్ల విషయంలో, ఆ ఫోన్ ఎవరి స్థలంలో ఉంటే వాళ్లు, అంటే హోటల్, విమానాశ్రయం, బంకు యజమాని, ఎంచుకోవాలని 1988లో జడ్జి గ్రీన్ తీర్పు ఇచ్చారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. ముడి పడింది మాత్రం ఇక్కడే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక కంపెనీ కాల్‌కు 1 డాలరు తీసుకుని, అందులో 10 సెంట్లు స్థల యజమానికి ఇస్తానంటుంది. ఇంకోటి కాల్‌కు 4 డాలర్లు గుంజి యజమానికి 1 డాలరు ఇస్తానంటుంది. యజమాని ఎవరిని ఎంచుకుంటాడు? ఆ 4 డాలర్లు కట్టేది ఆయన కాదు. కట్టే మనిషి రేపు మళ్లీ ఇక్కడికి వస్తాడన్న నమ్మకమూ లేదు. ఇక 1 డాలరు కంపెనీ నిలబడాలంటే తనూ కమిషన్ పెంచాలి, అందుకోసం ధర పెంచాలి. కంపెనీలు నిజంగానే పోటీ పడ్డాయి, కానీ మాట్లాడేవాళ్ల కోసం కాదు, గోడల యజమానుల కోసం. ఆ పోటీలో ఎక్కువ ధర పెట్టినవాడే గెలిచాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, దాన్నే ఒక మార్కెట్టుగా కట్టి నడిపించారు.

ఈ పనికోసమే కొత్త రకం కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటికి సొంత తీగలుండవు. ఇతరుల లైన్లను టోకున కొని, ఆపరేటర్లను కూర్చోబెట్టి, హోటళ్లకూ ఆసుపత్రులకూ విమానాశ్రయాలకూ కమిషన్ ఆశ చూపి ఒప్పందాలు కుదుర్చుకోవడమే వాటి వ్యాపారం.

జనం అంత తేలిగ్గా ఎలా చిక్కుకున్నారు? ముఖ్య కారణం కార్డు. అప్పటి కాలింగ్ కార్డు నంబరంటే మీ పదంకెల ఫోన్ నంబరు, దానికి తోడు నాలుగంకెల రహస్య సంఖ్య. అది సరైనదో కాదో చూసే డేటాబేస్ స్థానిక కంపెనీల దగ్గర ఉండేది, డబ్బు కడితే ఎవరైనా చూసుకోవచ్చు. మీ చేతిలో ఏటీ అండ్ టీ బొమ్మ ఉన్న కార్డు ఉంటుంది. సున్నా, నంబరు నొక్కుతారు, టింగుమని శబ్దం వస్తుంది, కార్డు నంబరు కొడతారు, కాల్ కలుస్తుంది. ఏటీ అండ్ టీ ద్వారానే మాట్లాడానని మీరు అనుకుంటారు. మధ్యలో ఉన్నది ఎవరో బిల్లు వచ్చేదాకా తెలియదు. ఆ బిల్లూ స్థానిక కంపెనీ పంపే కవరులోనే వస్తుంది. వేళకు కట్టేసేవాళ్లలో సగంమంది ఆ పేజీ తిప్పి ఉండరేమో.

ఈ కొత్త కంపెనీల దగ్గర ఇంకో విచిత్రం ఉండేది. ఆపరేటర్లు దేశంలో ఏదో ఒక మూల ఊళ్లో ఉంటారు. మీరు విసిగిపోయి నన్ను ఏటీ అండ్ టీకి కలపండి అంటే, కాల్‌ను ఆ ఊరి నుంచే అటు తోసేవారు. కాల్ అక్కడి నుంచి మొదలైనట్టు రికార్డవుతుంది. పక్క ఊరికి చేసిన కాల్‌కు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు చేసినంత బిల్లు.

ప్రైవేటు పే ఫోన్లలో యంత్రం కూడా వేరే రకం. స్థానిక కంపెనీ ఫోన్‌కు, అవతల ఎవరైనా ఎత్తారా లేదా అన్న కబురు ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేది. ప్రైవేటు ఫోన్ మామూలు లైన్ మీద నడుస్తుంది కాబట్టి ఆ కబురు రాదు. లోపలున్న చిప్ ఊహించుకోవాలి. చాలా ఫోన్లలో ఆ ఊహ గడియారమే: ఇన్ని సెకన్లు దాటిందా, అయితే ఎత్తేసినట్టే లెక్క, నాణేలు మింగు. అవతల ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఇక్కడ డబ్బు పోతుంది. కొన్నిటిలో కాల్ కలిశాక మీటలు పనిచేయకుండా చేసేవారు. ఇంటి ఆన్సరింగ్ మెషీన్‌లో కబుర్లు విందామన్నా, ఇంకో కంపెనీ కార్డు నంబరు కొడదామన్నా కుదరదు.

తప్పించుకునే దారి ఉంది. ఫోన్ ఏ కంపెనీకి కట్టి ఉన్నా, ముందు ఐదంకెల కోడ్ కొడితే మీకు కావలసిన కంపెనీకి వెళ్లొచ్చు. ఏటీ అండ్ టీకి 10288. కోడ్ ఐదంకెలు, సున్నా ఒకటి, నంబరు పది, కార్డు పద్నాలుగు, మొత్తం ముప్ఫై అంకెలు. చీకట్లో, చలిలో, వెనక లైన్లో మనుషులు నిలబడి ఉండగా, ఒక్కటి తప్పినా మొదటికొస్తుంది. పైగా న్యూయార్క్ రైల్వే, బస్ స్టేషన్లలో భుజం మీంచి తొంగి చూసి ఆ అంకెలు గుర్తుపెట్టుకుని అమ్ముకునే ముఠాలుండేవి. దాంతో ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని రెండో చేత్తో కొట్టాలి. ఇంత చేస్తే యజమానికి కమిషన్ రాదు కదా, చాలామంది ఆ కోడ్‌లనే పనిచేయకుండా బ్లాక్ చేసేశారు.

ఫిర్యాదులు వెల్లువెత్తాక 1990లో కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, చట్టం చేసింది. ఆపరేటర్ కంపెనీ మొదట్లోనే తన పేరు చెప్పాలి, అడిగితే రేటు చెప్పాలి, పేరు విని పెట్టేస్తే డబ్బు తీసుకోకూడదు, ఇతర కంపెనీలకు వెళ్లే కోడ్‌లను బ్లాక్ చేయకూడదు. మంచి చట్టమే. కాకపోతే పేరు వినడం వేరు, ఆ పేరు వెనక రేటు ఎంతో తెలుసుకుని ఇంకో కంపెనీకి కోడ్ కొట్టే ఓపిక వేరు. విమానం అందుకోవాల్సిన మనిషి రేట్ల పట్టిక అడగడు.

ఈ ఓపికలేనితనం మీదే కొన్ని తమాషా వ్యాపారాలు నడిచాయి. ఆపరేటర్ ద్వారా దూరపు కాల్ అడిగితే ఏ కంపెనీ కావాలని ఆమె అడగాలి. చాలామంది ఏదైనా ఫర్వాలేదనో, తెలియదనో అంటారు. టెక్సస్‌లో కేటీఎన్‌టీ అనే సంస్థ ఐ డోంట్ కేర్, ఐ డోంట్ నో అనే పేర్లతోనే దూరపు కంపెనీలను నమోదు చేయించింది. ఫర్వాలేదు అన్న పాపానికి ఫర్వాలేదు కంపెనీ బిల్లు వచ్చేది. ఇక ఎమ్‌సీఐ 1993లో కలెక్ట్ కాల్స్ కోసం 1-800-కలెక్ట్ అనే టోల్ ఫ్రీ నంబరు తెచ్చి విపరీతంగా ప్రచారం చేసింది. దానికి జవాబుగా ఏటీ అండ్ టీ, ఆపరేటర్ అనే ఇంగ్లిష్ మాట అక్షరాలనే మీటల మీద కొట్టేలా 1-800 నంబరు తెచ్చింది. ఆ మాట స్పెల్లింగ్ చివర్లో ఓ అక్షరం బదులు ఈ అక్షరం రాసే అమెరికన్లకు కొదవ లేదు. ఆ తప్పు స్పెల్లింగ్ నంబరు ఎమ్‌సీఐ చేతిలో ఉంది. ఏటీ అండ్ టీ ప్రకటన చూసి కొట్టినవాళ్లలో కొందరు తిన్నగా ఎమ్‌సీఐకి పోయేవారు. చివరికి ఏటీ అండ్ టీ ఆ నంబరు వదిలేసి, స్పెల్లింగ్ తప్పే వీలు లేని వేరే మాటకు మారింది.

1-800 నంబర్లు పెరిగాక బాధ అటు తిరిగింది. కాల్ చేసేవాళ్లు నాణెం వేయరు, ఫోన్‌కు కట్టి ఉన్న కంపెనీని వాడరు. ఫోన్ యజమాని లైన్ అద్దె కట్టాలి, పగలగొట్టిన రిసీవర్ మార్చాలి, రాబడి మాత్రం సున్నా. ఇక్కడ నా సానుభూతి యజమాని వైపే. ముందు అతి చేశాడని ఆ తర్వాత ఊరికే సేవ చేయమనలేం కదా. 1996 టెలికాం చట్టం ఆ వాదన ఒప్పుకుని, పే ఫోన్ నుంచి పూర్తయిన ప్రతి కాల్‌కూ యజమానికి పరిహారం ఇవ్వాలంది. ఎంత అన్నది తేల్చడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఎఫ్‌సీసీ మొదట కాల్‌కు 35 సెంట్లంది, కోర్టు కొట్టేసింది. 1997లో 28.4 అంది, కోర్టు మళ్లీ వెనక్కి పంపింది. 1999లో 24 అయింది. 2004లో 49.4 సెంట్లయింది. కంపెనీలు ఈ భారాన్ని తాము మోయలేదు, కార్డు కొన్నవాళ్ల మీదికి నెట్టాయి. ప్రీపెయిడ్ కార్డు వెనక సన్నటి అక్షరాల్లో పే ఫోన్ సర్‌ఛార్జి చేరింది. కార్డు మీద ఇన్ని నిమిషాలని రాసి ఉంటుంది, పే ఫోన్ నుంచి రెండు చిన్న కాల్స్ చేసేసరికి అందులో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. డబ్బు ఎవరికి పోయిందో ఈసారి కూడా మాట్లాడినవాళ్లకు తెలియదు.

పే ఫోన్ నుంచి దూరపు కాల్‌ను చంపింది చట్టమూ కాదు, కోర్టూ కాదు. 1998లో ఏటీ అండ్ టీ తెచ్చిన డిజిటల్ వన్ రేట్ అనే సెల్‌ఫోన్ ప్లాన్‌లో రోమింగ్ ఛార్జీ లేదు, దూరపు కాల్‌కు విడిగా ఛార్జీ లేదు. మిగతావాళ్లూ ఆ దారి పట్టక తప్పలేదు. దూరం అనే మాటకే ధర లేకుండా పోయాక, ఆ దూరం మీద కమిషన్లు తినే గోడ ఫోన్‌కు పనేముంది? 1990ల మధ్యలో 26 లక్షల దాకా ఉన్న పే ఫోన్లు చకచకా తగ్గిపోయాయి. ఏడు ప్రాంతీయ కంపెనీల్లో ఒకటైన బెల్‌సౌత్ 2001లో ఈ వ్యాపారం వదిలేస్తున్నట్టు చెప్పింది, ఏటీ అండ్ టీ 2007లో. న్యూయార్క్ నగరపాలక సంస్థకు చెందిన చివరి వీధి పే ఫోన్‌ను 2022 మే 23న టైమ్స్ స్క్వేర్ దగ్గర పీకేశారు.

అయితే సెల్‌ఫోన్ తీసుకెళ్లలేని చోటు ఒకటుంది. అమెరికా జైళ్లలో గోడ ఫోన్లు పోలేదు, ఆ పాత లెక్కా పోలేదు. కంపెనీని ఎంచేది జైలు యంత్రాంగం, కమిషన్ అందుకునేదీ అదే, డబ్బు కట్టేది లోపలి మనిషి కుటుంబం. ఇక్కడ 10288 లాంటి దొడ్డిదారి కూడా లేదు. మనవడితో మాట్లాడటానికి అయ్యే ఖర్చు భరించలేక మార్తా రైట్ అనే వాషింగ్టన్ అమ్మమ్మ మొదలుపెట్టిన పోరాటం 2003లో ఎఫ్‌సీసీ ముందుకు వచ్చింది. పదేళ్ల తర్వాత, 2013లో, రాష్ట్రాల మధ్య కాల్స్‌కు నిమిషానికి ప్రీపెయిడ్‌లో 21 సెంట్లు, కలెక్ట్ కాల్‌కు 25 సెంట్లు మించకూడదని పరిమితి పెట్టారు. రాష్ట్రం లోపలి కాల్స్‌కు పెట్టిన పరిమితిని 2017లో అప్పీలు కోర్టు కొట్టేసింది, అలా పెట్టే అధికారం ఎఫ్‌సీసీకి లేదంది. ఆ అధికారం ఇస్తూ 2023 జనవరిలో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది. 2024లో ఎఫ్‌సీసీ రేట్లు ఇంకా తగ్గించి, జైళ్లకు ఇచ్చే కమిషన్లను నిషేధించింది. మరుసటి ఏడాది ఆ నిబంధనల అమలును అదే సంస్థ వాయిదా వేసింది.